జీరో టికెట్టు ఇచ్చే చెయ్యి

ఉద్యోగులను మార్పుకు సన్నద్ధం చెయ్యడం అనే మాట ముప్ఫై ఏళ్లుగా మన చుట్టూ తిరుగుతోంది. బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు విన్నాం. ప్రభుత్వరంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు పెట్టినప్పుడు విన్నాం. ఇప్పుడు ఏ శిక్షణ తరగతిలో కూర్చున్నా ఇదే మాట. ఇందులో ఒక తమాషా వుంది. మార్పు అనేది వానలాగా పైనుంచి పడుతుంది, దాన్ని ఎవరూ నిర్ణయించరు, ఉద్యోగి చెయ్యవలసిందల్లా గొడుగు వెతుక్కోవడమే అన్నట్టు వుంటుంది ఆ తరగతుల ధోరణి. ఆ మార్పును ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు, దానివల్ల పెరిగిన పని ఎవరి మీద పడింది అనే ప్రశ్నలు తరగతి గది గుమ్మం బయటే ఆగిపోతాయి.

స్త్రీల విషయంలో ఇది మరీ సులువుగా సాగిపోతుంది. సర్దుకుపోవడం అనే విద్యను మనకు పుట్టింట్లోనే నేర్పి పంపిస్తారు కదా. అత్తగారింట్లో సర్దుకుపోయినవాళ్లు ఆఫీసులో సర్దుకుపోలేరా అని యాజమాన్యాల ధీమా. మార్పు వచ్చినప్పుడు స్త్రీ ఉద్యోగి నోరు తెరిస్తే ‘మార్పును వ్యతిరేకిస్తోంది’ అంటారు. నోరు మూసుకుంటే ‘అలవాటు పడింది’ అని లెక్క రాసుకుంటారు. రెండు సందర్భాల్లోనూ ఆమె చెప్పదలచుకున్నది ఎవరి చెవినా పడదు.

ఈ సంగతిని సిద్ధాంతంగా కాకుండా ఒక రోడ్డు మీద, ఒక ఉద్యోగంలో చూద్దామని ఈ వ్యాసం. ఆ రోడ్డు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ మీదుగా హయత్‌నగర్ పోయే విజయవాడ రోడ్డు. ఆ ఉద్యోగం ఆర్టీసీ మహిళా కండక్టరుది.

హైదరాబాదు తూర్పు అంచు బతుకంతా ఈ రోడ్డు మీదే కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ అమ్మాయిల హాస్టళ్లు, బట్టల షాపులు. ఆ షాపుల్లో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించే ఆడపిల్లలు. హయత్‌నగర్ అవతలి ఊళ్ల నుంచి ఇళ్లల్లో పనికి, ఆస్పత్రుల్లో ఆయా పనికి వచ్చేవాళ్లు. ఎల్.బి.నగర్ కూడలిలో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ బస్సుల కోసం రాత్రీ పగలూ నిలబడే జనం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట-ఎల్.బి.నగర్ మెట్రో మొదలయింది. పైన రైలు తిరుగుతున్నా కింద బస్సులో జనం వున్నారు. టికెట్టు కొనగలిగినవాళ్లు పైకి వెళ్లారు, మిగిలినవాళ్లు కింద వున్నారు.

2023 డిసెంబరు 7న తెలంగాణలో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయింది. రాష్ట్రంలో నివాసముండే స్త్రీలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బులివ్వకుండా ప్రయాణం చెయ్యవచ్చు. మొదటి వారం టికెట్టే లేదు. డిసెంబరు 15 నుంచి మిషన్లలో జీరో టికెట్టు వచ్చింది. 2025 జులై నాటికి ఇట్లాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయని ప్రభుత్వం ఉత్సవం చేసింది. ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక ముందే చేశాయి. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న చేసింది.

ఈ పథకాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. భర్తను పది రూపాయలు అడగకుండా గడప దాటగలగడం ఎంత పెద్ద విషయమో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఉచితం ఇచ్చి ఆడవాళ్లను పాడుచేస్తున్నారనే వాదనలకు ఇక్కడ చోటివ్వను. కాని పథకం గురించి వచ్చిన రాతల్లో, టీవీ చర్చల్లో ప్రయాణికురాలు వుంది, సీటు దొరకని మగవాడు వున్నాడు, ఖజానా వుంది. ఆ 200 కోట్ల టికెట్లనూ ఒక్కొక్కటిగా నొక్కి చేతికిచ్చిన మనిషి మాత్రం దాదాపు లేదు. వాళ్లలో స్త్రీలు గణనీయంగా వున్నారు. స్త్రీలకు మేలు చేసిన ఒక మార్పు ఇంకొందరు స్త్రీల పనిదినాన్ని తలకిందులు చేసింది. అది ఎట్లా జరిగిందో కాస్త వివరంగా చూడాలి.

బయటి నుంచి చూస్తే కండక్టరు పని తగ్గినట్టు కనిపిస్తుంది. డబ్బు తీసుకోనక్కరలేదు, చిల్లర గొడవ లేదు, ఇంకేం కష్టం అంటారు. అసలు సంగతి వేరు. ఇదివరకు రోజూ ప్రయాణం చేసే స్త్రీల్లో చాలామంది దగ్గర నెలవారీ పాసులుండేవి. పాసు చూపిస్తే కండక్టరు తల వూపి ముందుకు పోయేది. ఇప్పుడు ప్రతి స్త్రీకీ, ప్రతి ఎక్కుకూ ఒక జీరో టికెట్టు కొట్టాలి. జనం పెరిగినందుకు ఒక పని, పాసులవాళ్లంతా టికెట్టువాళ్లుగా మారినందుకు ఇంకొక పని. కొట్టకుండా వదిలేద్దామంటే కుదరదు. ఆ టికెట్ల లెక్క ప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లించాలి. అంటే ప్రయాణికురాలికి అది జీరో గాని సంస్థకు కాదు. కండక్టరు కొట్టని ప్రతి జీరో టికెట్టూ సంస్థకు రావలసిన బాకీలో తరుగు. జీరో టికెట్టు తీసుకోని స్త్రీకి 500 రూపాయల జరిమానా అని కూడా సంస్థ హెచ్చరించింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి మలక్‌పేటలో దిగిపోయే అమ్మాయికి, ముందు తలుపు దగ్గర కిక్కిరిసిన ఆడవాళ్ల మధ్య నుంచి దూరుకుంటూ వెళ్లి, రెండు స్టాపుల లోపల టికెట్టు చేతిలో పెట్టాలి.

దాని మీద గుర్తింపు కార్డు. తెలంగాణ చిరునామా వున్న ఒరిజినల్ కార్డు చూపించాలని నియమం. ఫోనులో ఫొటో, జిరాక్సు చెల్లవని మొదట్లోనే చెప్పారు. వినడానికి చిన్న విషయమే. కాని ఎల్.బి.నగర్ ఎట్లాంటి చోటు? ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, చదువుకోడానికి వచ్చి హాస్టల్లో వుంటున్నవాళ్లు, పెళ్లయి వచ్చినా కార్డు మీద పుట్టింటి చిరునామా మారనివాళ్లు, 2014కు ముందు ఇచ్చిన కార్డు మీద ఆంధ్రప్రదేశ్ అనే వున్నవాళ్లు. ఎవరు ఈ రాష్ట్రపు మనిషి అనే తగవు, పెద్దపెద్దవాళ్లు తేల్చుకోలేకపోయిన తగవు, కదులుతున్న బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డ కండక్టరు తీర్చాలి. టికెట్టు కొనమంటే ఆమె చెడ్డది. ఊరుకుంటే చెకింగ్‌వాళ్లు ఎక్కినప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే.

2024 జనవరి చివర్లో హయత్‌నగర్ డిపో బస్సులో ఒక ప్రయాణికురాలు కండక్టర్లను బూతులు తిట్టి కాలితో తన్నిన వీడియో అందరూ చూశారు. ఎల్.బి.నగర్ పోలీసులు కేసు పెట్టారు. ఆ వీడియో మీద నడిచిన చర్చంతా ‘ఆడవాళ్లు ఇట్లా తయారయ్యారు’ అనే చోటే ఆగింది. బస్సులో దెబ్బలు తినడం ఉద్యోగంలో భాగమా అని అడిగినవాళ్లు తక్కువ.

కండక్టరు బస్సులో చేసేది టికెట్లివ్వడం ఒక్కటే కాదు. తిట్టినా నవ్వాలి, తొందరపెట్టినా ఓపిక పట్టాలి, తలనొప్పిగా వున్నా ‘జరగండమ్మా, లోపలికి జరగండి’ అని గొంతు తగ్గించి చెప్పాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల మీద రాసిన పుస్తకంలో దీన్ని శ్రమగా గుర్తించింది. మన కోపాన్ని మింగి, సంస్థ కోరిన ముఖాన్ని పెట్టుకోవడం కూడా పనే, దానికి వెలకట్టరు, పైగా అది ఆడవాళ్ల సహజగుణం అంటారు అని ఆమె వాదన సారాంశం. విమానంలోనైనా ఆ ముఖానికి మేకప్ ఖర్చు ఇస్తారు. 156 నంబరు బస్సులో అదీ లేదు. మార్పుకు సిబ్బందిని సన్నద్ధం చెయ్యడమంటే చాలాచోట్ల మర్యాదగా మసలుకోమని ఇంకోసారి చెప్పడమే. పెరిగిన రద్దీకి మందు ఇంకొంచెం ఎక్కువ చిరునవ్వు అన్నమాట.

ఇక్కడ చట్టం ఏమంటుందో కొంచెం చెప్పుకోవాలి. ఎందుకంటే మార్పును వానలాగా కురిపించడం మన చట్టానికి కూడా ఇష్టం లేదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఎ సెక్షను అని ఒకటి వుండేది. జీతం, పనిగంటలు, షిఫ్టులు, సెలవులు వంటి విషయాల్లో కార్మికుల సర్వీసు పరిస్థితులు మార్చదలచుకుంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసివ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఆ 21 రోజుల నోటీసు మిగిలింది. కొత్త కోడ్‌ల మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి, అవి వేరే వ్యాసానికి. మహాలక్ష్మి వంటి పథకం సరిగ్గా ఈ సెక్షను కిందికే వస్తుందని నేను వాదించడం లేదు. ఉచిత ప్రయాణాన్ని 21 రోజులు ఆపవలసిందనీ అనడం లేదు. ఆ సెక్షను వెనక వున్న ఆలోచనే నాకు ముఖ్యం. పనిలో మార్పు అనేది ముందు చెప్పవలసిన విషయం, మాట్లాడుకోవలసిన విషయం. ప్రమాణ స్వీకారానికీ పథకానికీ మధ్య రెండు రోజులే వుండవచ్చు. కాని ఆ తర్వాత ఏళ్ల తరబడి సమయం వుంది. పెరిగిన జనానికి తగినట్టు ట్రిప్పు సమయం పెంచడానికి, డ్యూటీ చార్టు మళ్లీ రాయడానికి, రాసే ముందు కండక్టర్లను పిలిచి అడగడానికి ఎవరూ అడ్డుపడలేదు.

అడిగితే ఏమవుతుంది? దీనికి జవాబు చాలాకాలం కిందటే, అదీ ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలోనే దొరికింది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, మారియన్ అనే చిన్న ఊరు, హార్‌వుడ్ అనే పైజమాలు కుట్టే కంపెనీ. కార్మికుల్లో అత్యధికులు పడుచు ఆడపిల్లలు. పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, కొందరు పని మానేసేవాళ్లు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడ ఒక ప్రయోగం చేసి 1948లో ప్రచురించారు. ఒక జట్టుకు రేపటినుంచి ఇట్లా చెయ్యాలి అని చెప్పి వదిలేశారు. ఒక జట్టు తరఫున కొందరు ప్రతినిధులను కూర్చోబెట్టుకుని మాట్లాడారు. మరికొన్ని జట్లలో ప్రతి ఒక్కరితోనూ మాట్లాడి, కొత్త పద్ధతి ఎట్లా వుండాలో వాళ్లతో కలిసే నిర్ణయించారు. చెప్పి వదిలేసిన జట్టులో ఉత్పత్తి కోలుకోలేదు. నలభై రోజుల్లోపల 17 శాతం మంది పని మానేశారు. అందరినీ కలుపుకున్న జట్లు త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటాయి, వాటిలో ఎవరూ మానలేదు. ‘మార్పు నిర్వహణ’ పాఠాలు చెప్పేవాళ్లందరూ ఈ ప్రయోగాన్ని తమ శాస్త్రానికి మూలం అంటారు. అందులో యాజమాన్యం లాభం కోసమే అదంతా చేసిందన్నది నిజమే. అయినా మన తరగతుల్లోకి వచ్చేసరికి ఆ ప్రయోగంలోని అసలు ముక్క, అడగడం అనే ముక్క, ఎక్కడో జారిపోయింది. మిగిలింది సర్దుకోమనే ఉపదేశం.

ఇది పరాయి దేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. మన ఆర్టీసీలోనే ఒకరోజు ఇట్లాంటిది జరిగింది. 2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా 52 రోజులు ఆర్టీసీ కార్మికులు సమ్మె చేశారు. సుమారు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు పోగొట్టుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. జీతాలు లేవు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ఒక మహిళా కండక్టరు కూడా వుంది. చివరకు ప్రధాన డిమాండు నెరవేరకుండానే పనిలోకి వెళ్లారు. డిసెంబరు 1న ముఖ్యమంత్రి 97 డిపోల నుంచి డిపోకు ఐదుగురు చొప్పున కార్మికులను ప్రగతి భవన్‌కు భోజనానికి పిలిచారు. ఆ ఐదుగురిలో ఇద్దరు తప్పనిసరిగా స్త్రీలు వుండాలన్నారు. సంఘాల నాయకులను పక్కనపెట్టడానికి చేసిన ఏర్పాటు అది. సంఘం ఎన్నికలు కూడా వద్దన్నారు. దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కాని ఆడవాళ్లు ఆ గదిలో కూర్చోగానే ఏ మాటలు బయటికొచ్చాయో చూడండి. రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వద్దు. ప్రతి డిపోలో టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గది కావాలి. పిల్లల కోసం సెలవు కావాలి. ఖాకీ ఆప్రాన్ బదులు వేరే రంగు కావాలి. ఇవన్నీ ఆ రోజే ఒప్పుకున్నారు. మూడు నెలల శిశు సంరక్షణ సెలవు ప్రకటించారు. ఇరవై రోజుల్లో విశ్రాంతి గదులు అన్నారు. ఏళ్ల తరబడి ఆర్జీల్లో మగ్గిన విషయాలు ఒక్క మధ్యాహ్నంలో తేలాయి. అడిగేవాళ్లుంటే చెప్పడానికి వాళ్ల దగ్గర జాబితా ఎప్పుడూ సిద్ధంగానే వుంది.

కాని ఒక భోజనం ఏర్పాటు కాదు. ఎనిమిది గంటల నియమమే తీసుకోండి. బస్సు ఎల్.బి.నగర్ కూడలిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే గడియారం ఆగదు. ఎనిమిదికి డ్యూటీ ముగియాలంటే ఆమెకు ఉదయం మొదటి షిఫ్టు ఇవ్వాలి. హయత్‌నగర్ నుంచి తెల్లవారుజామున బయలుదేరే బస్సుకు డిపోలో ఇంకా ముందే సంతకం పెట్టాలి. అంటే ఇంట్లో మూడింటికో మూడున్నరకో లేవాలి, అందరికీ వండిపెట్టి బయలుదేరాలి. బస్సు నడిపించడానికి వెళ్లే మనిషికి ఆ వేళ డిపోకు పోవడానికి బస్సు లేదు. రాత్రి నుంచి ఆమెను కాపాడాం అనుకుంటున్నాం, తెల్లవారుజాము కూడా చీకటే అని ఎవరికీ గుర్తు లేదు. పైగా సాయంత్రం డ్యూటీలన్నీ మగ కండక్టర్ల మీద పడితే డిపోలో ‘ఆడవాళ్లకు సుఖమైన డ్యూటీలు’ అనే గొణుగుడు మొదలవుతుంది. సిబ్బందిని పెంచకుండా ఇచ్చిన రక్షణ తోటి కార్మికుడి జేబులోంచి తీసి ఇచ్చినట్టుంటుంది. యాజమాన్యానికి ఖర్చు లేదు, తగవు మాత్రం కార్మికుల మధ్య.

రాత్రి పని విషయంలో స్త్రీల ఉద్యమంలో ఒకే అభిప్రాయం ఎప్పుడూ లేదు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఫ్యాక్టరీలో స్త్రీలు పనిచెయ్యకూడదన్న 1948 ఫ్యాక్టరీల చట్టపు నిబంధనను 2002లో మన హైకోర్టు కొట్టేసింది. నిషేధం పేరుతో అవకాశాలు తగ్గిస్తున్నారన్నది అక్కడి వాదన, అది సరైనదే. కొత్త కోడ్ స్త్రీ సమ్మతితో రాత్రి పని అంటోంది. ఇంటికి చేర్చే బండి లేకుండా, టాయిలెట్టు లేకుండా, కాదంటే ఏ డ్యూటీ వేస్తారోనన్న భయం మధ్య ఇచ్చే సమ్మతికి అర్థమేమిటి? నిషేధమా, స్వేచ్ఛా అని రెండు ముక్కల్లో తేల్చే బదులు ఆ డ్యూటీ చేసేవాళ్లను అడగడం మేలు.

టాయిలెట్టు సంగతి ఎత్తాను కాబట్టి రెండు మాటలు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటల పని తర్వాత అరగంట విరామం ఇవ్వాలంది. రోజు మొత్తం మీద పని, విరామం కలిపి 12 గంటలు దాటకూడదంది. అరగంట విరామం ఎక్కడ తీసుకోవాలి? దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ స్టేషన్ వుంది, పక్కనే డిపో వుంది. ఎల్.బి.నగర్‌లో వున్నది కూడలి, స్టాపులు, ఫ్లైఓవర్ల నీడ. 2020లో పాత బస్సులను మహిళా సిబ్బంది కోసం టాయిలెట్లుగా మార్చి కొన్ని చోట్ల పెట్టారు. మంచి పని. అయితే టాయిలెట్టు వుండటం, ట్రిప్పు మధ్యలో అక్కడికి వెళ్లి వచ్చే వ్యవధి వుండటం వేరు వేరు సంగతులు. వ్యవధి లేనప్పుడు ఆడవాళ్లు ఏం చేస్తారో మనకు తెలుసు. నీళ్లు తాగడం మానేస్తారు. 2022 నవంబరులో ఆర్టీసీ తన ఉద్యోగులందరికీ ఆరోగ్య పరీక్షలు మొదలుపెట్టింది. ఆ ఫలితాల్లో మహిళా కండక్టర్ల మూత్రనాళ వ్యాధులు, నడుం నొప్పులు, గర్భస్రావాలు విడిగా లెక్కకట్టి డిపోల్లో చర్చకు పెడితే, ఏ శిక్షణ తరగతీ చెప్పలేని విషయాలు బయటపడతాయి.

ఇంకొక మార్పు వుంది, ఇది మెల్లగా వస్తోంది. ఒకప్పుడు ట్రే, టికెట్ల కట్టలు, పంచి. తర్వాత టిమ్ మిషన్. ఇప్పుడు కార్డు, ఫోను చెల్లింపులు తీసుకునే కొత్త మిషన్. ప్రతిసారీ కండక్టర్లు నేర్చుకున్నారు, అంకెల్లో మగవాళ్ల కంటే ఎక్కడా తీసిపోలేదు. కాని అదే మిషన్‌ను డ్రైవరు చేతిలో పెట్టి, కండక్టరు లేకుండా దూరప్రాంతపు బస్సులు నడపడం మొదలయింది. కండక్టరును కూడలిలో నిలబెట్టి, ఆగిన బస్సెక్కి టికెట్లు కొట్టి దిగిపొమ్మన్నారు. దీన్ని గ్రౌండ్ బుకింగ్ అంటారు. ఇందులో బస్సు కుదుపు వుండదు, బదులుగా ఎండ వుంటుంది. 2020లో పార్శిళ్ల విభాగం వచ్చాక కొందరు అటు వెళ్లారు. 2024లో ప్రభుత్వం ఆర్టీసీలో 3,038 పోస్టుల భర్తీకి అనుమతించింది. డ్రైవర్లు 2,000, శ్రామిక్‌లు 743, తక్కినవి అధికారులు, ఇంజినీర్లు, డాక్టర్లు. ఆ జాబితాలో కండక్టరు అనే పదమే లేదు. బస్సుల్లో జనం ఎన్నడూ లేనంత పెరిగిన రోజుల్లో తయారైన జాబితా ఇది. డ్రైవరు ఉద్యోగం ఇంకా మగవాళ్ల చేతిలోనే వుంది. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా డ్రైవరుగా చేరిన వంకదోతు సరిత, మన సంస్థాన్ నారాయణపురం వైపు తండా అమ్మాయి, 2025 జూన్‌లో తెలంగాణ ఆర్టీసీ స్టీరింగు పట్టుకుంది. సంతోషమే. కాని ఆర్టీసీలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ప్రవేశించిన ద్వారం కండక్టరు ఉద్యోగం. ఆ ద్వారాన్ని చప్పుడు లేకుండా మూసేస్తూ, లోపలున్నవాళ్లకు మార్పుకు అలవాటు పడమని పాఠం చెప్పడం నాకు మింగుడుపడటం లేదు.

పైన మెట్రోలో పరిస్థితి ఇంకా పలచన. 2023 జనవరి మొదట్లో మియాపూర్-ఎల్.బి.నగర్ మార్గంలో టికెట్ కౌంటర్ల సిబ్బంది పని ఆపేశారు. కాంట్రాక్టు ఉద్యోగాలు, పదకొండు వేల చుట్టుపక్కల జీతం, ఏళ్లుగా పెరగలేదని వాళ్ల మొర. అంతకు మూడు నెలల ముందే వాట్సాప్‌లో టికెట్టు వచ్చింది. కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి ప్రయాణికులకు ఫోనులో టికెట్టు ఎట్లా తీసుకోవాలో ఓపిగ్గా నేర్పుతుంది. తన కుర్చీని తానే ఖాళీ చేయించుకునే పని అది.

ఆర్టీసీ కండక్టర్లు పర్మినెంటు ఉద్యోగులు, వాళ్ల బాధలు ఇళ్లల్లో పనిచేసేవాళ్ల బాధల ముందు ఏపాటివి అని మనలోనే కొందరంటారు. 2023 ఆగస్టు 6న 43,373 మంది ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలుపుకునే బిల్లు శాసనసభ ఆమోదించింది. గవర్నరు సంతకమూ అయింది. 2025 మేలో సమ్మె నోటీసిచ్చినప్పుడు కూడా విలీనం అమలు చెయ్యాలనేది డిమాండ్లలో వుంది. పర్మినెంటు అనే మాట అంత గట్టిగా లేదన్నమాట. అది అట్లా వుంచినా, ఇళ్లల్లో పనికి పోయే స్త్రీ, కండక్టరు ఒకే బస్సులో వున్నారు. బస్సులు పెంచకుండా ఉచితం ఇస్తే ఇద్దరూ నలిగిపోతారు. చోటు లేని బస్సులో ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ప్రయాణికురాలి హక్కు కోసం మాట్లాడేవాళ్లు కండక్టరు పని పరిస్థితుల గురించి మాట్లాడకపోతే ఆ అరుపులకు మగ ప్రేక్షకులు మిగులుతారు.

మరి స్త్రీల సంఘాలు చెయ్యగలిగింది ఏమైనా వుందా? చాలా వుంది, అందులో ఎక్కువభాగం డిపో గేటు దగ్గర మొదలవుతుంది. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం 19వ సెక్షను, పనిస్థలంలో తారసపడే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యాజమాన్యం బాధ్యత అంటుంది. పనిమీద తిరిగే వాహనం కూడా ఆ చట్టం దృష్టిలో పనిస్థలమే. రద్దీలో ఒంటిమీద చెయ్యి వేసే ప్రయాణికుడి మీద కండక్టరు ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి, ఫిర్యాదు చేసిన రోజు ఆమె డ్యూటీ పూర్తయినట్టా కానట్టా? ఈ ప్రశ్నలకు డిపోలోని అంతర్గత కమిటీ దగ్గర రాతపూర్వకంగా జవాబు వుందో లేదో వెళ్లి అడగవచ్చు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ఫిర్యాదుల పరిష్కార కమిటీల్లో స్త్రీల సంఖ్య, మొత్తం కార్మికుల్లో స్త్రీల నిష్పత్తికి తగ్గకూడదంటోంది. రేపు విలీనం అమలై వీళ్లు పూర్తిగా ప్రభుత్వ ఉద్యోగులైపోతే కార్మిక చట్టాలు వాళ్లకు ఎంతవరకు వర్తిస్తాయన్నది ఇంకొక చిక్కు. పాత 9ఎ సెక్షనే ప్రభుత్వ సర్వీసు నిబంధనల కిందికి వచ్చేవాళ్లకు నోటీసు అక్కరలేదంది. విలీనం కోరుతున్న మహిళా కండక్టర్లతో ఈ సంగతి కూడా కూర్చుని మాట్లాడాలి. జీతభద్రత వస్తూ వస్తూ, అడిగే హక్కును వెంట తీసుకుపోకూడదు కదా.

ప్రయాణికురాళ్ల వైపు నుంచి కూడా పని వుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, షాపుల్లో, బస్తీల్లో మన సమావేశాలు జరుగుతూనే వుంటాయి. కార్డు చేతిలో పట్టుకుని ఎక్కడం, అడగకముందే టికెట్టు తీసుకోవడం చిన్న విషయాలు. అంతకంటే ముఖ్యం, ఉదయం ఎనిమిది నుంచి పది దాకా ఈ రోడ్డు మీద ఎన్ని బస్సులు కావాలో ప్రయాణికురాళ్లూ కండక్టర్లూ కలిసి లెక్క వేసి డిపో మేనేజరు ముందు పెట్టడం. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో, ఏ ట్రిప్పు ఏ రోజు ఆలస్యమవుతుందో ఆ ఇద్దరికంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

దీనికి ఇప్పుడు ఒక అదను కూడా వుంది. కేంద్ర ప్రభుత్వం 2025 మేలో హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఈ బస్సులు ప్రైవేటు కంపెనీవి, డ్రైవరు ఆ కంపెనీ మనిషి, కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ చెల్లిస్తుంది, టికెట్టు మాత్రం ఆర్టీసీ కండక్టరు కొడుతుంది. రేపు ఆ డ్రైవరుకూ కండక్టరుకూ మధ్య గొడవొస్తే ఎవరి అధికారికి చెప్పుకోవాలి, ఆ కంపెనీకి అంతర్గత కమిటీ వుందా, రాత్రి చివరి ట్రిప్పు ఎక్కడ ఆగుతుంది, ఇవన్నీ ఒప్పందం కాగితాల మీద తేలవలసిన విషయాలు. ఆ బస్సుల కోసం డిపోలను కూడా మార్చాలి. ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడ, చార్జింగ్ పాయింట్లు ఎక్కడ, బండ్లు ఏ వరసలో నిలబడాలి అని ప్లాన్లు గీస్తారు. మన డిపోల ప్లాన్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఆడవాళ్ల విశ్రాంతి గది వాటిలో ఏ మూలన వుందో చూపించమని ఆయా డిపోల మహిళా కండక్టర్లతో కలిసి ఒక దరఖాస్తు పెట్టవచ్చు. గోడలు లేచాక అడిగితే, వున్నదాంట్లో సర్దుకోండమ్మా అంటారు.